శనగచేలో కొంగలు, మైకులో నేను

నేను ఐదో తరగతిలో బడి మానేస్తే నాకంటే పంతులుగారే ఎక్కువ సంతోషించారు. అప్పటినుంచీ సేద్యమే. ఈ చలికాలం హిమాలయాలు దాటి వచ్చిన, గింజలు తినే జాతి బూడిదరంగు కొంగలు మా చేలో దిగి శనగ మొలకలు పీకడం మొదలుపెట్టాయి. మళ్ళీ విత్తుదామంటే నేలలో పదును ఆరిపోయింది. నా అరుపులే రికార్డు చేసి గట్టున మైకు కట్టాను. మొదటి రోజు గుంపంతా లేచిపోయింది. తర్వాత ఒక కొంగ మెడ నిక్కించి కాపలా కాస్తుంటే, మిగతావి మైకు కిందే మేశాయి. బ్యాటరీ అయిపోయింది గానీ అవి కదల్లేదు. ఒళ్ళు మండి, ఇంటికొచ్చి మా ఆవిడ ముందు వాటిని తిట్టిపోశాను.

"ఏందయ్యా, నీ అరుపులకి ఇంట్లో నేనే అదరను. అన్ని కొండలు దాటొచ్చినయ్యి అదురుతయ్యా?" అంది.