కళ్లు మూసుకునే సారు

మా సంగారెడ్డి కాలేజీలో కెమిస్ట్రీ సారు ఎవరినీ తిట్టేవారు కాదు. మేం తప్పు జవాబు చెబితే కళ్లు మూసుకునేవారు. సరైనది చెప్పేదాకా తెరిచేవారు కాదు.

డెబ్బైల మొదట్లో యూనివర్సిటీ సిబ్బందితో పాటు మా లెక్చరర్లూ సమ్మెకు దిగారు. ఆఖరి ఏడాది పరీక్షలు వాయిదా పడ్డాయి. నేను పుస్తకం పట్టుకొని, గేటు ముందు టెంటులో కూర్చున్న సారు దగ్గరికి వెళ్లాను.

"పటాన్‌చెరుల కొత్త ఫ్యాక్టరోళ్లు డిగ్రీ అయినోళ్లనే తీసుకుంటరంట సార్. జెర పాఠం చెప్పుండ్రి."

"సమ్మెల కూసొని పాఠం చెప్తే మావోళ్లను మోసం చేసినట్టయితది," అన్నారు. కాసేపటికి పక్కకు జరిగి, జంపఖానా మీద చోటిచ్చారు. "నువ్వు చెప్పు, నేను వింట. వినుడు తప్పు గాదు."

సమ్మె సాగినన్నాళ్లూ నేను చెప్పాను, ఆయన విన్నారు. ఆయన కళ్లు మూసుకున్నచోట ఆగి దిద్దుకునేవాణ్ని.

సమ్మె గెలిచింది. వాళ్లు అడిగింది న్యాయమేనని ఇప్పటికీ అంటాను. పరీక్షలు ఆలస్యంగా జరిగాయి, నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది. సారుకు చెప్పడానికి వెళ్లాను.

"పాసైన సార్. ఫ్యాక్టరీల మాత్రం పరీక్షలకు ముందే జాగలు నిండినయంట."

ఆయన కళ్లు మూసుకున్నారు. నేను చాలాసేపు ఎదురుగా నిలబడ్డాను. ఆ మాటలో దిద్దడానికి నాకు తప్పేమీ దొరకలేదు.