గోగునార మీద ఎర్రసిరా

మొన్న గజపతినగరంలో ఒక కొట్టు ముందు తడిసిన గోనెసంచుల వాసన తగిలేసరికి నాకు ముందు గుర్తొచ్చింది మా ఊరు కాదు, మా ఇంగ్లీషు మాస్టారు. యాభై ఏళ్లు దాటినా ఆయన మీద కోపం ఇసుమంత తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

అరవైల చివర్లో నేను తొమ్మిదో తరగతి. వానలు వెనకబట్టాక మా ఊళ్లో గోనెసంచుల నార కోసం గోగు కోసి, కట్టలు కట్టి, గుంటలో ఊరేసేవారు. ఊరంతా కుళ్లువాసన, ఆ వాసనలోనే చోడంబలి తాగడం, నార ఒలిచేసిన పుల్లలతో కత్తియుద్ధాలు. మొలలోతు నీళ్లలో నిలబడి నార తీసే మా నాయనమ్మ, కట్ట ఊరిందో లేదో ఒక్క పుల్లను గోటితో గీరి చెప్పేసేది.

మాస్టారికి వ్యాసమంటే గైడే. ఆవు మీద వ్యాసాన్ని క్లాసంతా అచ్చుతప్పులతో సహా అప్పజెప్పాల్సిందే. అలాంటాయన ఆ ఏడు మీ ఊరి గురించి సొంతంగా రాయండి, బాగున్నదాన్ని ఇన్‌స్పెక్టరు గారి ముందు చదివిస్తానన్నారు. ఆ చదివేది నేనే కావాలని, గుంట గట్టున కూర్చుని నార తీయడం గురించి నాయనమ్మ చెప్పిందల్లా విని, వారం రోజులు కిందామీదా పడి ఇంగ్లీషులో రాశాను. మాస్టారు పేజీ నిండా అడ్డగీత కొట్టి, కింద ఎర్రసిరాతో ‘డెరివేటివ్‌లీ రిటెన్’ అని రాసి నా మీదికి విసిరారు.

“ఎక్కడ ఎత్తుకొచ్చావే? గోగు కోసుకునేదానికి ఇంత ఇంగ్లీషా?”

క్లాసు గొల్లుమంది. నవ్విందంతా గైడు బట్టీపట్టిన మహానుభావులే.

లైబ్రరీలో నిఘంటువు తిరగేస్తే, సొంతం కాకుండా వేరేచోటి నుంచి తెచ్చుకున్నట్టుగా అని ఉంది. గుంట దగ్గరికి వెళ్లి నాయనమ్మ ముందు ఏడ్చాను. ఆమె నార జాడిస్తూనే అంది:

“నార కర్రలోంచే గదే ఒస్తాది? నాను సెప్పినాను, నువ్వు రాసినావు. ఇందల దొంగతనమేటున్నాదే? ఎల్లి సెప్పు ఆ మేస్టరికి!”

వెళ్లలేదు. భయం. ఉక్రోషం కొద్దీ ఆ నోటుపుస్తకాన్ని గుంటలోకి విసిరేశాను. పరీక్షలో ఆవు వ్యాసం గైడులో ఉన్నదున్నట్టు దింపేశాను, అదే ఎర్రసిరాతో ‘వెరీ గుడ్’ వచ్చింది. ఆ బడిలో ఉన్నన్నాళ్లూ మళ్లీ సొంతవాక్యం ఒక్కటి రాయలేదు, అందుకు నన్ను కూడా నేను క్షమించుకోలేదు.

ఇప్పుడు ఆ గుంట పూడ్చి ఇళ్లు కట్టారు, మా ఊళ్లో గోగు వేసేవాళ్లు లేరు, నాయనమ్మ పోయి చాలాకాలమైంది. ఆవు వ్యాసం మాత్రం నిద్రలో లేపి అడిగినా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెబుతాను. గీరిన పుల్ల గోటికి ఎలా తగిలితే నార తీయాలో నాయనమ్మ చెప్పింది, నేను రాశాను. అదే గుర్తులేదు.