నేను వేలు పెట్టిన బొమ్మ

ఇరవై ఏళ్లుగా సంగారెడ్డిలో డ్రాయింగు టీచరుగా పనిచేస్తున్నాను. హత్నూర దగ్గరి మా ఊళ్లో నాతో ఒకే బెంచీ మీద కూర్చుని చదివిన స్నేహితురాలు ఇప్పుడు కాజీపల్లిలో మందుల కంపెనీ ల్యాబులో ఉంది. చిన్నప్పుడు తన సైన్సు రికార్డులో బొమ్మలన్నీ నేనే వేసిపెట్టేదాన్ని. తనకు కప్ప బొమ్మ కూడా వచ్చేది కాదు. అలాంటిది పోయినేడాది ఒక ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"జెర సూడవే, బొమ్మలు చేసిన."

కంపెనీ గోడ, పొగగొట్టం, బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు. తను ఫోన్లో తీసిన ఫోటోలే. కానీ అంచులు కరిగి, ఒక మనిషి రంగు పక్క మనిషిలోకి పాకింది. తడి కాగితం మీద రంగు వదిలినట్టు ఉంది. అలాంటి తడి కోసం నేనెన్ని కాగితాలు పాడుచేశానో నాకే తెలుసు.

"ఎట్ల చేసినవే?"

"క్వాంటం కంప్యూటర్ తోని. అది వేరే దేశంల ఉంటది. నెట్ మీద పంపిస్తే, మన వంతు వచ్చినప్పుడు నడుస్తది. ఫోటోల వెలుగూ చీకటీ దానికి లెక్కల కింద ఇస్తం. మామూలు కంప్యూటర్ల సున్నానో ఒకటో ఉంటది గదా, దీంట్ల రెండూ కలిసి ఉంటయి. కొలిచినప్పుడల్లా జెర వేరే తీరుగ వస్తది. గందుకే బొమ్మ గిట్ల కరుగుతది."

"అంటే నువ్వు గీసింది ఏం లేదు."

"ఏం లేదు," అని హాయిగా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

హైదరాబాదులో ఏదో ప్రదర్శనకు ఒక్క బొమ్మే పంపాలట. "ఏది పంపాల్నో నువ్వే చెప్పు," అంది. ఆడవాళ్ల బొమ్మే అన్నిటికన్నా బాగుందని చూడగానే తెలిసింది. అయినా బూడిదరంగు మరకలు తప్ప ఏమీ లేని గోడ బొమ్మ మీద వేలు పెట్టాను. తను అదే పంపింది. రెండు నెలలకు, తీసుకోలేదని కబురొచ్చింది. ఆ పూట నాకు అన్నం రుచిగా అనిపించింది.

వారం తర్వాత ఫోన్ చేసింది. "ఇగ ఇడిసిపెడ్తనే. నాకు రాదు."

అప్పుడు చెప్పకుండా ఉండలేకపోయాను. "కావాలనే గోడ బొమ్మ చెప్పిన. ఆడోళ్ల బొమ్మే మంచిగుండె. ఓర్వలేకపోయిన," అన్నాను.

"నాకు అప్పుడే అనుమానమొచ్చింది. నువ్వు ఏ బొమ్మనైనా అర్ధగంట సూస్తవు. గా గోడను మాత్రం వెంటనే సూపెట్టినవ్."

"మరి ఎందుకు పంపినవే?"

"నువ్వు చెప్పినవ్ గదా."

ఈ ఏడాది ఆడవాళ్ల బొమ్మ పంపింది, తీసుకున్నారు. చూడటానికి వెళ్లాను. అప్పుడు కూడా నాకు కడుపు మండింది. తను ఇప్పటికీ ఆదివారాలు మా ఇంటికి వస్తుంది, టీ తాగి కబుర్లు చెబుతుంది. కొత్త బొమ్మలు మాత్రం చూపించదు. చూపించమని అడగడానికి నాకు నోరు రాదు.