నూర్బాషా పేరుతో వెళ్లిన పెళ్లి పరుపు

అది 2022. మార్కాపురం బస్టాండు వెనక సందులో మా పరుపుల దుకాణం. బోర్డు మీద 'నూర్బాషా పరుపులు' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మేము దూదేకులవాళ్లం, మమ్మల్నే నూర్బాషాలనీ అంటారు. నమాజు చేస్తాం, రోజా ఉంటాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. ఆ చివరిదే కొందరికి గిట్టదు.

మా అబ్బాయి రఫీ, ఉర్దూ మాట్లాడే షేకుల అమ్మాయి షబానా ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఒకరోజు షబానా తండ్రి మహబూబ్ ఆటోలో పాత పరుపు వేసుకొచ్చాడు. వాళ్లమ్మదట, గట్టిపడిపోయింది. అలాంటిదాన్ని విప్పి, దూదిని కార్డింగ్ మిషన్‌లో వేస్తాం. గడ్డకట్టిన దూది మళ్లీ పొంగుతుంది.

ఆయన ఉర్దూలో మొదలుపెట్టాడు. నేను తెలుగులోనే జవాబిచ్చాను. దాంతో ఆయనా తెలుగులోకి దిగాడు.

"మీ రఫీ మంచోడే అక్కా. నిఖా లోపు ఆ బోర్డు మాత్రం తీసేయండి. షేక్ అని రాయించండి. మావాళ్లు చూస్తే ఏమనుకుంటారు? పీర్ల పండక్కి పోయేది గూడా మానుకోండి."

"మానుకోకపోతే?"

"పిల్లనియ్యను."

రఫీ మిషన్ ఆపి నా వైపు చూశాడు. బోర్డే కదమ్మా అంటాడేమోనని భయపడ్డాను. వాడు మాడిన ముఖంతో మళ్లీ దూది సర్దసాగాడు. బిడ్డ పెళ్లి చెడగొడుతున్నానని తెలిసి కూడా నాకు ఒళ్లు మండింది.

"అన్నా, మీ అమ్మకు ఈ పరుపు కుట్టింది మా మామ. అప్పుడు దూదేకుల చెయ్యి అడ్డం రాలేదే? మసీదులో పక్కపక్కన నిలబడతారు. బయటికొస్తే మేము వేరేనా? ఇదేం న్యాయం? మా పెద్దోళ్ల పేరు దాచిపెట్టి కోడల్ని తెచ్చుకోను. బోర్డు తీసేది లేదు."

ఆయన విసురుగా వెళ్లిపోయాడు. రఫీ ఆ పూట అన్నం ముట్టలేదు. విప్పిన పరుపును వదిలేయలేం కదా, ఇద్దరం కలిసి కుట్టాం. దూది జారకుండా అక్కడక్కడా వేసే ముడికుట్టును టఫ్టింగ్ అంటాం. అదీ పూర్తి చేశాం.

పరుపు కోసం షబానాను వెంటబెట్టుకుని మహబూబ్ తల్లే వచ్చింది. జరిగిందంతా మనవరాలు చెప్పినట్టుంది. అరచేత్తో పరుపును నొక్కి చూసింది.

"మీ మామను నేను భాయ్ అని పిలిచేదాన్ని. మనం వేరేవాళ్లమని మా వాడికి ఎవరు చెప్పినారో ఏందో. వాడితో నేను మాట్లాడతాలే. దీని పెళ్లి పరుపు నువ్వే కుట్టు."

మాలో పెళ్లికూతురి పరుపు పుట్టింటి నుంచి అత్తింటికి అందరూ చూస్తుండగా వస్తుంది. దుకాణం పేరున్న గుడ్డముక్కను మామూలుగా పరుపు అడుగున కుట్టేస్తాం.

"ఈసారి పైన కుట్టు అత్తా," అంది షబానా.

తల్లి మాట తీసేయలేక మహబూబ్ ఒప్పుకున్నాడు. ఆ పరుపును ఆటో ఎక్కించింది కూడా ఆయనే. నూర్బాషా అన్న పేరు పైకి కనబడుతూ వాళ్ల వీధంతా దాటి మా ఇంటికొచ్చింది.

పేరు మార్చుకుంటే గౌరవం దక్కుతుందని ఇప్పటికీ సలహాలిచ్చేవాళ్లున్నారు. పేరు దాచుకుంటే దక్కేది గౌరవం కాదని నాకు ఆ పెళ్లితో తెలిసింది. మొన్న బోర్డుకు కొత్త రంగు వేయించాను. అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా రాయించింది మా కోడలే.