నేను కత్తిరించిన రెండో సగం

మా తెలుగు సంఘం పాతికేళ్ళ ప్రత్యేక సంచిక వేస్తోందని, తొలి రోజుల తీపి జ్ఞాపకాలు రెండు పేజీలు రాసిమ్మని అడిగారు. రాసిచ్చాను. వారం తిరక్కుండా ఫోనొచ్చింది. "అంకుల్, ఆర్టికల్ కొంచెం హెవీగా ఉంది. ఆ మీటింగ్ పార్ట్ తీసేస్తే వేసేస్తాం" అని సంపాదకురాలైన అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. తీయనన్నాను. ఒకసారి తీసినవాణ్ణి. మళ్ళీ తీయను. అందుకే ఆ సంచికలో కాక ఈ పత్రికలో వేయిస్తున్నాను. ఇది చదివి సంఘంలో ఎవరైనా నాతో మాట్లాడ్డం మానేస్తే మానెయ్యనివ్వండి.

రెండు వేల సంవత్సరంలో నేనూ, కర్నూలు నుంచి వచ్చిన ఒక ముస్లిం స్నేహితుడూ సిడ్నీలో, హారిస్ పార్కు స్టేషనుకు దగ్గరగా ఒక ఫ్లాటులో ఉండేవాళ్ళం. ఇద్దరం వైటూకే పనికి వచ్చినవాళ్ళమే. ఒకే ఇన్సూరెన్స్ కంపెనీ, పక్కపక్క సీట్లు. నాకంటే మూడేళ్ళు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను అబ్బీ అనేవాడు.

మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే అతని మాటలు అర్థం కావు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. వాటిని నాలుగంకెలుగా మార్చడం అసలు పద్ధతి. దానికి టైము లేదు. కాబట్టి చాలా చోట్ల అడ్డదారి పట్టాం. ముప్పైకి లోపు అంకె కనిపిస్తే రెండు వేల తర్వాతిదనీ, పైన కనిపిస్తే పంతొమ్మిది వందల్లోదనీ అనుకోమని ప్రోగ్రాముకు చెప్పాం. పని నడిచింది. సమస్య పోలేదు, ముప్పై ఏళ్ళు ముందుకు జరిగింది. అలాంటి ప్రోగ్రాము చేతికొచ్చినప్పుడల్లా అతను కుర్చీలో వెనక్కి వాలి, "ఇది మన మనవళ్ళ నెత్తినేసినాం అబ్బీ" అనేవాడు.

ఆదివారాలు అతను పిల్లలకు తెలుగు నేర్పేవాడు. సంఘం ఎవరెవరినో అడిగింది, చివరికి ఒప్పుకున్నది అతనే. పక్కనే ఉన్న పర్రమట్టా లైబ్రరీ వెనక గదిలో పద్నాలుగు మంది పిల్లలు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెప్తారు. అతను దాన్ని పట్టించుకునేవాడు కాదు. బోర్డు మీద పర్రమట్టా అని రాసి, మీ ఊరి పేరులోనే రెండు ఒత్తులున్నాయి చూడండి అనేవాడు. తర్వాత వాళ్ళు ఎక్కే రైలు లైనులోని స్టేషన్లన్నీ రాయించేవాడు. మూడు నెలల్లో పిల్లలు రైల్లో కూర్చుని తెలుగులో స్టేషన్ల పేర్లు గిలకడం నేను కళ్ళారా చూశాను. అతనికి ఆ గది ప్రాణం. వారమంతా దాని కోసమే బతికేవాడంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

పిల్లల క్లాసు అయ్యాక పెద్దల ఇష్టాగోష్ఠి. నెలకొకరు, నచ్చిన విషయం మీద అరగంట. ఆగస్టులో అతని వంతు. ఇజ్రాయెలీలకూ పాలస్తీనీయులకూ రాజీ కుదర్చాలని అమెరికా ఇద్దరు నాయకులనూ ఒక విడిదిలో పెట్టి రెండు వారాలు కూర్చోబెట్టింది. ఏదీ తేలకుండా ముగిసి అప్పటికి కొన్ని వారాలే. అతను రోజూ పొద్దున టీ కాస్తూ రేడియోలో ఆ వార్తలే వినేవాడు. బయటి దేశాలు పూనుకుంటే అక్కడ శాంతి వస్తుందా అన్న విషయం ఎంచుకున్నాడు.

సంఘం అధ్యక్షులు గుంటూరు డాక్టరుగారు, అప్పటికే ఇరవై ఏళ్ళుగా సిడ్నీలో స్థిరపడ్డవారు. మంచివారు, ఎవరింట్లో జ్వరమొచ్చినా పరిగెత్తేవారు. ఉపన్యాసం మధ్యలో ఆయన నవ్వుతూ అడిగారు, "అయితే మీవాళ్ళు ఒప్పుకుంటారంటావా?"

"మావాళ్ళంటే కర్నూలోళ్ళా అంకుల్? ఒప్పుకోరు. నీళ్ళ దగ్గరైతే అస్సలు ఒప్పుకోరు."

గది గదంతా నవ్వింది. డాక్టరుగారూ నవ్వారు, కానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అది నేను చూశాను.

గోష్ఠి విశేషాలు నోటు పుస్తకంలో రాసుకుని, వాటిని కుదించి, సంఘం నెలవారీ పత్రం చేత్తో రాసి, ఆఫీసులో జిరాక్సు తీసి పంచడం నా పని. ఆ నోటు పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. అతను ముగింపులో అన్నది అందులో ఇలా ఉంది:

"ఇప్పుడు నడుస్తాండే పద్ధతిలో శాంతి రాదు. కష్టమైన ప్రశ్నలన్నీ చివరికి నెట్టినారు. జెరూసలేం ఎవరిది, ఇండ్లు పోయినోళ్ళు యాడికి పోవాల, గీత యాడ గీయాల, అన్నీ తర్వాత చూద్దాం అన్నారు. మేము తేదీలకు చేసిన పనే. ఏండ్లు గడిచినాక రెండు వారాల్లో అన్నీ తేల్చమంటే యాడ తేల్తాయి? అట్లని రానే రాదని కాదు నేను చెప్పేది. ఒకరినొకరు నమ్మనప్పుడు మూడో మనిషి కావాల. ఆ మూడో మనిషి ఫోటో దిగి పోయేటోడు కాకూడదు, ఇద్దరిలో ఒకరి పక్కకు ఒరిగేటోడు కాకూడదు. కొత్త ప్రోగ్రాము పెట్టినప్పుడు పాతదాన్ని కూడా కొన్నాళ్ళు పక్కన నడిపిస్తాం, తేడా వస్తే చూసేదానికి ఒకడు ఆడనే కూసుంటాడు. అట్ల ఏండ్లు కూసోవాల. ఆ తల్లులకూ భయమే, ఈ తల్లులకూ భయమే. ఇద్దరూ ఆడనే బతకాల, ఇద్దరికీ ఇంకో చోటు లేదు. కాబట్టి శాంతి తెప్పించాల. వస్తుంది."

మర్నాడు డాక్టరుగారు ఫోన్ చేశారు. "ఏమోయ్, ఆ ఉపన్యాసమంతా వెయ్యకు. ఒక్క లైనులో తేల్చెయ్. ఆ అబ్బాయి మనకి పాఠం చెప్పినట్టుంటే ఏం బావుంటుంది?" అన్నారు. పెట్టేసే ముందు, ఇక్కడే స్థిరపడేందుకు నేను పెట్టిన పీఆర్ దరఖాస్తుకు కావలసిన ఉత్తరం ఈ వారంలో రాసిస్తానని కూడా అన్నారు. రెండిటికీ లంకె ఉందని ఆయన అనలేదు. లంకె నేనే వేసుకున్నాను. పత్రంలో ఇలా రాశాను: "ఇజ్రాయెలీలకూ పాలస్తీనీయులకూ మధ్య శాంతి రాదని వక్త స్పష్టం చేశారు."

జాగా చాలక అలా అయిందని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ నెల పత్రంలో కింద నాలుగు వేళ్ళ మేర ఖాళీ వదిలి, ఒక పువ్వు బొమ్మ వేశాను.

అతను పత్రం చూసి, "నేనింత కురచగా చెప్పింటే అందరూ తొందరగా ఇండ్లకు పోయిండేవాళ్ళు కదబ్బీ" అని నవ్వాడు. వచ్చే నెల సవరణ వెయ్యమన్నాడు. వేస్తానన్నాను. వచ్చే నెల సిడ్నీలోనే ఒలింపిక్స్. పత్రమంతా టికెట్లు, రైలు వేళలు, వలంటీర్ల పేర్లతో నింపేశాను. అతను అడగలేదు. నేను చెప్పలేదు.

ఒలింపిక్స్ ముగిసే రోజుల్లోనే జెరూసలేంలో గొడవలు మొదలయ్యాయి. రోజూ పేపర్లో శవాలు, ఏడ్చే ముఖాలు, రెండు వైపులవీ. అప్పుడు మా పాత పత్రానికి కాళ్ళొచ్చాయి. హారిస్ పార్కు కిరాణా కొట్లో కందిపప్పు తీసుకుంటుంటే ఒక ఆంటీ నాతో, "ఆ అబ్బాయి ముందే చెప్పాడటగా, శాంతి రాదని. ఎంత ధీమాగా చెప్పాడో. వాళ్ళకి లోపలి సంగతులు తెలుస్తాయనుకుంటా" అంది. అది అతని మాట కాదు, నా కత్తిరింపు అని చెప్పాలి. పప్పు తూకం చూస్తూ నిలబడ్డాను.

అక్టోబరు రెండో ఆదివారం ఐదుగురు పిల్లలే వచ్చారు. తర్వాతి వారం ఇద్దరు. స్విమ్మింగ్ క్లాసుందని ఒకరు, చుట్టాలొచ్చారని ఒకరు. అసలు సంగతి ఎవరూ నోటితో అనలేదు. అతను ఆ ఇద్దరికే మొత్తం క్లాసు చెప్పి, బోర్డు శుభ్రంగా తుడిచి, కమిటీతో మాట్లాడాలన్నాడు.

కమిటీ ఆ గదిలోనే కూర్చుంది. ఏడుగురం. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదని, కాకపోతే తల్లిదండ్రులు ఇబ్బంది పడుతున్నారని, కొన్నాళ్ళు వేరేవాళ్ళు క్లాసు చూసుకుంటే మంచిదని డాక్టరుగారు మెత్తగా చెప్పారు. అతను పూర్తిగా విని, నా వైపు తిరిగాడు.

"నీ కాడ రాసుకున్నది ఉంది కదబ్బీ. నేనేమన్నానో చదువు. చదివినాక ఏం చేయమంటే అది చేస్తా."

నోటు పుస్తకం నా సంచిలో ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడు అతనే దాన్ని వంటింటి బల్ల మీది నుంచి తీసి నా చేతికిచ్చాడు. డాక్టరుగారు నా వైపు చూడనైనా లేదు. ఆయన చూసి ఉంటే బెదిరానని చెప్పుకోవడానికైనా ఉండేది.

"ఇప్పుడు నా దగ్గర లేదు భాయ్" అన్నాను.

అతను నా సంచి వైపు ఒకసారి చూశాడు. "సరే అంకుల్. వేరేవాళ్ళనే చూసుకోండి" అని లేచాడు.

ఫ్లాటుకు ఇద్దరం కలిసే నడిచి వచ్చాం. స్టేషను కింద సొరంగం దాటాక అడిగాడు, "బరువుగా ఉందా సంచి? నేను మోయనా?" అంతే. మరి ఆ విషయం ఎత్తలేదు. నవంబరులో పెర్త్‌లో పని చూసుకుని వెళ్ళిపోయాడు. నాకు పీఆర్ వచ్చింది.

ఇప్పుడివన్నీ ఎందుకంటారు కొందరు. డాక్టరుగారు పోయారు, ఆయన పరువు తీస్తావా అంటారు. ఆయన పరువుకు లోటు లేదు. ఆయన ఒక్క లైను రాయమన్నారు, ఏ లైనో చెప్పలేదు. "శాంతి తెప్పించాల" అన్నది కూడా ఒక్క లైనే. ఎంచుకున్నది నేను. కమిటీలో కూర్చున్నవాళ్ళలో ముగ్గురు ఇంకా సిడ్నీలోనే ఉన్నారు. వాళ్ళు కాదంటే రమ్మనండి, పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

మరొకటి కూడా చెప్పాలి. అక్కడ మళ్ళీ యుద్ధమని వార్త వచ్చినప్పుడల్లా, బార్బెక్యూ దగ్గర ప్లేట్లు పట్టుకుని మావాళ్ళు ఒకే మాట అంటారు. అది అంతే, అక్కడ ఎప్పటికీ శాంతి రాదు, ఎవరు వెళ్ళి ఏం మాట్లాడినా దండగ. అనుభవజ్ఞుల్లా తల కూడా ఊపుతారు. ఆ వాక్యం ఎలా తయారవుతుందో నాకు తెలుసు. ఒకటి నేను స్వయంగా తయారుచేశాను. మనిషి చెప్పిన మాటలో కష్టమైన సగం తీసేస్తే మిగిలేది అదే. దౌత్యం ఎన్నిసార్లు విఫలమైందో నాకూ తెలుసు. సగంలో లేచిపోయినవాళ్ళ వల్ల, ఒక పక్కకు ఒరిగినవాళ్ళ వల్ల విఫలమైంది. అది కూర్చోవడం తప్పని రుజువు చేయదు. మళ్ళీ కూర్చోమనే నేనంటాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

అచ్చుకిచ్చే ముందు పెర్త్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. అతని గొంతు మారలేదు. అక్కడే హారిస్‌డేల్‌లో ఇల్లు కట్టుకున్నాడట. రాసిందంతా చదివి వినిపించాను. మధ్యలో ఒక్కచోటే ఆపాడు. తల్లుల గురించి అన్నది సరిగ్గా రాసుకున్నావు, అది నేనే మర్చిపోయినాను అన్నాడు. పేరు వెయ్యనా అని అడిగాను.

"పేరొద్దు. చెప్పింది వెయ్యి."

క్షమించమని అడిగాను.

"ఆ పద్నాలుగు మంది పిల్లోళ్ళకు ఇప్పుడు నలభై దగ్గరపడింటాయి కదబ్బీ" అన్నాడు. "నువ్వు ఇప్పుడు ఇది అచ్చేస్తే వాళ్ళు చదవగలరా?"

చదవలేరన్నాను. అతను వెళ్ళాక ఆ క్లాసు నాలుగు వారాలు కూడా నడవలేదు.

"మరి ఎవరి కోసం వేస్తాండావు?"

నీ కోసమనో, నా కోసమనో అనబోయి మానుకున్నాను. తెలియదన్నాను. అయినా వేస్తానన్నాను. వద్దని అతను అనలేదు.