సుద్దగీతలో ఇత్తడి రింగు

గత ఆదివారం మా మరిది పోయాడు. సంతాప సభలో మీలో ముగ్గురు లేచి, "ఆయనకి తెలియని యంత్రం లేదు" అన్నారు. తప్పు. ఉంది. మా వరండాలోనే పడి ఉండేది. పోయినవాళ్లకి లేని గొప్పలు అంటగట్టడం మన తెలుగు సంఘానికి అలవాటే కానీ, ఈయనకి ఆ అవసరం లేదు.

ఉద్యోగమంతా రైల్వేలో వ్యాగన్లు బాగుచేసిన మనిషి. రిటైరయ్యాక, నాలుగేళ్ల కిందట, కలకత్తా పక్క సంత్రాగాఛిలో మా ఇంటి ముందే పాత కారుకి ఇంజన్ మారుస్తానన్నాడు. కారు ఇంజన్ విప్పడం అదే మొదలు. కారణం మా అత్తగారు. తొంభై దాటిన ఆవిడ, తాను కొత్తగా కాపురానికొచ్చిన భవానీపూర్‌లో దుర్గాపూజ పందిళ్లు ఇంకొక్కసారి చూడాలని పట్టుబట్టింది. టాక్సీ ఎక్కదట. కొడుకు బండే కావాలట.

విప్పిన ప్రతి భాగాన్నీ వరండా గచ్చు మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసి, పక్కన పేరు రాసేవాడు. నాకు ముగ్గు వేసుకునే చోటు మిగల్లేదు. పాత ఇంజన్ వెనకనుంచి బొటనవేలంత ఇత్తడి రింగు ఒకటి వచ్చింది. ఏమిటో తెలియక, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

షష్ఠి నాటికి వేరే ఇంజన్ గొలుసుకి వేలాడుతోంది. బిగించడమే తరువాయి. గచ్చు మీద ప్రశ్నార్థకం ఉంది, రింగు లేదు.

"ఛేడే దిన్ దాదా!" వదిలెయ్యమన్నాడు పక్కింటి బెంగాలీ పెద్దాయన.

"నాకు పేరు తెల్దని దానికి పని లేదనుకోమంటారేటి?" అని మావైపు తిరిగాడు మరిది.

"ఒరే, దుర్గమ్మ గంగలోకెల్లిపోయాక తీసుకెల్తావేటి నన్ను?" లోపలినుంచి అత్తగారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పండక్కి ఇత్తడి సామాను తోముతూ, గచ్చు మీది రింగు కూడా మా దీపపు కుంది తాలూకు ముక్కేననుకుని, చింతపండుతో తళతళలాడించి దేవుడి దగ్గర పెట్టేశాను. అందరి తప్పులూ దిద్దే నోటితోనే నా తప్పు చెప్పాను. తెచ్చి చేతిలో పెట్టాను.

కోప్పడలేదు. దొరికిన ప్రతి కొనకీ దాన్ని తొడిగి చూశాడు. గేరుపెట్టెలోంచి పొడుచుకొచ్చిన షాఫ్టు కొనకి వేలికి ఉంగరంలా సరిపోయింది. వేలాడుతున్న ఇంజన్ వెనక అదే కొలతలో గుంట, ఖాళీగా.

"బుష్షు! షాఫ్టు అల్లాడకుండా పట్టుకునేది. ఇది లేకుండా బిగించీసుంటే అమ్మని దార్లో దింపీసేవోళ్లం. నూనె పీల్చుకుని బతికేది వదినా ఇది, కుంకుడుకాయ పెట్టి రుద్దీసినట్టు రుద్దీసినావు!"

నా పచ్చడి గిన్నెలో ఇంజన్ ఆయిల్ పోసి నానబెట్టాడు. ఆ గిన్నె మళ్లీ వంటింటి ముఖం చూడలేదు. "ఎమ్మే చదివినావు కదా, పేరు నువ్వే రాయి," అని సుద్ద నా చేతికిచ్చాడు. ప్రశ్నార్థకం చెరిపి రాశాను.

సప్తమినాడు అత్తగారు ముందు సీట్లో కూర్చుని, భవానీపూర్‌లో పందిరి పందిరికీ హారన్ కొట్టించింది.

నిన్న ఆయన పనిముట్ల పెట్టె తెరిస్తే, మాలో ఎవరికీ తెలియని ఇనపముక్క ఒకటి కనిపించింది. వరండాలో పెట్టి, చుట్టూ గీత గీసి, ప్రశ్నార్థకం పెట్టాను. పదో రోజుకి వచ్చేవాళ్లు చెప్పులు దానికి దూరంగా విడవండి. తెలిసినవాళ్లు పేరు రాయండి, సుద్ద కిటికీలో ఉంది. తెలియనివాళ్లు ఊహించి రాయకండి. నేను దాన్ని తోమలేదు.