దోర్జీ సామి చల్లిన పాలు

1976లో నేను మదనపల్లె దగ్గర ఒక క్షయ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. కర్ణాటకలోని టిబెట్ శరణార్థుల శిబిరం నుంచి దోర్జీ అనే బౌద్ధ సన్యాసి మా వార్డులో చేరాడు. యాభై దాటిన మనిషి. వచ్చీరాని కన్నడం మాట్లాడేవాడు. నా కన్నడమూ అంతంతమాత్రమే కాబట్టి మాకు సరిపోయింది.

టి.బి. వార్డులో వారం వారం వెయిట్ చార్టు రాస్తాం. బరువు పెరిగితే మందు పనిచేస్తున్నట్టు లెక్క. ఆయన బరువు మాత్రం తగ్గుతూనే ఉంది. అన్నం కెలికి వదిలేసేవాడు, పాలు ముట్టేవాడే కాదు.

"ఇలాగైతే మందులు తట్టుకోలేడు సిస్టర్," అన్నారు డాక్టరుగారు. నాకు భయంతో పాటు ఒళ్ళూ మండింది. వెళ్ళి నిలదీశాను.

"మొదటి రోజు పాలు చల్లితే ఆ అమ్మ కోప్పడింది," అన్నాడు దోర్జీ.

ఆ అమ్మ మా ఆయా మునెమ్మ, కన్నడం అర్థమయ్యే పుంగనూరు మనిషి. పిలిచి అడిగితే ఇంతెత్తున లేచింది. "అప్పుడే తుడిసిన నేలమ్మా! యేలు ముంచి పాలు సల్లతాండాడు. వొద్దంటే తప్పా?"

"ఆకాశానికీ, మా పెద్దల నేలకీ చుక్క చల్లాకే మేం తాగుతాం. లేకపోతే గొంతు దిగదు," అన్నాడాయన.

"మీ నేలంటే టిబెట్టేగా?" అన్నాను.

"చదువుకోవడానికి టిబెట్ వెళ్ళాను. నేను మంగోలును, తోర్గుట్ తెగవాణ్ణి." దుప్పటి మీద వేలితో గీస్తూ చెప్పుకొచ్చాడు. వాళ్ళ పెద్దలు ఆల్తాయి కొండల వైపు నుంచి మందలతో పడమటికి వెళ్ళి, రష్యాలో వోల్గా ఒడ్డున తరాల తరబడి బతికారట. రెండొందల ఏళ్ళ కిందట అక్కడి దొరల ఒత్తిడి భరించలేక తిరుగు ప్రయాణం కట్టారట. "ఆ చలికాలం నది గట్టిగా గడ్డకట్టలేదు. అవతలి ఒడ్డువాళ్ళు దాటలేక ఉండిపోయారు. వాళ్ళనే ఇప్పుడు కల్మీకులంటారు. బయల్దేరినవాళ్ళలో ఎందరో దారిలోనే పోయారు. మిగిలినవాళ్ళ వంశంలో బిడ్డను నేను."

మునెమ్మ కళ్ళు ఒత్తుకుంది. "గొడ్డూ గోదా తోలుకోని అంత దూరం నడిసినారా సామీ?"

ఆకాశం కనబడేలా ఆయన మంచం వరండాలోకి మార్చాం. సెలవుకి ఊరెళ్ళిన మునెమ్మ మొదటి బస్సులో తన పొట్టి ఆవు పాలు తెచ్చింది. ఆ పాలతో టీ కాచి, ఆయన అడిగినట్టే ఉప్పు వేసిచ్చాం. ఆకాశంకేసి చూస్తూ ఆల్తాయికి ఒక చుక్క, వోల్గాకి ఒక చుక్క చల్లి, గ్లాసు ఖాళీ చేశాడు. ఆ రోజు అన్నం కూడా మారు అడిగాడు. తర్వాతి వారం బరువు పెరిగిందని నేను వార్డంతా వినబడేలా అరిచాను. దగ్గుతూనే అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ఆయన మూడో చుక్క కూడా చల్లాడు.

"ఇది యాడికి సామీ?" అంది మునెమ్మ.

"పుంగనూరుకి."

"సల్లుకో సామీ, గ్లాసంతా సల్లుకో! నేను తుడస్తా!" అని మునెమ్మ పగలబడి నవ్వింది.

ఆ తర్వాత ఎవరు కొత్తగా చేరినా, ఏం తింటారని అడిగే ముందు, తినేటప్పుడు మీ ఇంట్లో మొదట ఏం చేస్తారని అడిగేదాన్ని. ఎంత నీరసంగా వచ్చినవాళ్ళైనా ఆ మాటకి లేచి కూర్చుని చెప్పేవాళ్ళు.